తల పగలకపోయినా మెదడుకు దెబ్బే: గుర్తుపట్టిన హకీం అల్ రాజీ

ఇప్పటి టెహ్రాన్ పక్కనున్న రయ్ పట్టణంలో 865 ప్రాంతంలో పుట్టారు అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియా అల్ రాజీ. వైద్యంలోకి కాస్త ఆలస్యంగానే వచ్చారు. అయినా సొంతూరి దవాఖానాకు, తర్వాత బగ్దాద్ దవాఖానాకు పెద్ద హకీం అయ్యారు. బగ్దాద్‌లో స్థలం చూడమంటే అక్కడక్కడా మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడిది ఆలస్యంగా కుళ్లిందో అక్కడే కట్టమన్నారని చెప్తారు.

మశూచి, తట్టు వేర్వేరు జబ్బులని రాసిన పుస్తకంతోనే ఆయన చాలామందికి తెలుసు. తలదెబ్బల మీద చేసిన పనిని అంతగా తలచుకోరు. పుర్రె పగిలి మెదడు నలగడం ఒకటి. పైకి గాయం లేకుండానే మెదడు అదిరి కాసేపు దాని పని తప్పడం వేరొకటి. ఈ రెండోదాన్ని విడిగా గుర్తించిన తొలి హకీంగా వైద్య చరిత్రకారులు ఆయన్నే చెప్తారు. నేటి డాక్టర్లు కంకషన్ అనేది దీన్నే. ఎక్కువగా విశ్రాంతితోనే తగ్గుతుంది.

ఆయన కాలంలో స్కాన్ లేదు, రోగిని కనిపెట్టుకుని ఉండాల్సిందే. ఈ కాపలా ఇప్పుడూ తప్పదు. బైక్ మీంచి పడ్డ పిల్లాడు లేచి బాగానే మాట్లాడినా, గంటల తర్వాత తలనొప్పి పెరిగినా, వాంతులు ఆగకపోయినా, లేపితే లేవకపోయినా, ఒక కంటిపాప పెద్దదైనా మెదడు చుట్టూ రక్తం చేరుతోందేమో. అర్ధరాత్రయినా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గడ్డ పెద్దదైతే పుర్రె తెరిచి తీస్తారు.

డాక్టర్ అందని వాళ్ల కోసం రాజీ ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. చివరి రోజుల్లో చూపు పోయింది. 925 ప్రాంతంలో రయ్‌లోనే ఇంతెఖాల్ అయ్యారు. రోగుల గురించి రాసుకున్న కాగితాలను షాగిర్దులు జమచేస్తే అల్ హావీ అనే పెద్ద గ్రంథమైంది. 1279లో అది లాటిన్‌లోకి కూడా వెళ్లింది.