ఆచార్య శేషాద్రి వేసిన తొలి మెట్టు

మూలికా వైద్యం ప్రస్తావన వస్తే రాజధానిలో రెండు వాదాలు వినవస్తాయి. ఒకరికి అదంతా వేదవాక్కు. మరొకరికి అదంతా మూఢనమ్మకం. ఈ రెండింటికీ లొంగని మూడవ మార్గాన నడిచిన శాస్త్రజ్ఞుడు ఆచార్య తిరువెంకట రాజేంద్ర శేషాద్రి. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆయనను తనవాడిగా చెప్పుకుంటుంది. కాని ఆయన ప్రతిభ మొదట పండిన నేల వాల్తేరు అన్న సంగతి మనం మరువరాదని నా మనవి.

1900లో తమిళనాట కుళిత్తలైలో పుట్టిన శేషాద్రి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1929లో మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద డాక్టరేటు పొందారు. ఆస్ట్రియాలో ప్రేగ్ల్ వద్ద, చిటికెడు పదార్థాన్ని సైతం విశ్లేషించగల సూక్ష్మవిద్య నేర్చారు. 1930ల మధ్యకాలంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాఖ బాధ్యతలు స్వీకరించి, 1949 వరకు అక్కడే పనిచేశారు.

ఖరీదైన సామగ్రి లేని ఆ రోజుల్లో ఆయన పెరటి చెట్లనే పరిశోధన వస్తువులుగా ఎంచుకున్నారు. పత్తిపూలు, గోగుపూల వర్ణద్రవ్యాలను శిష్యులతో కలిసి వేరుచేశారు. చర్మవ్యాధులకు పల్లెల్లో పూసే కానుగ నూనెలోని పదార్థాల నిర్మాణాన్ని శోధించారు. ఔషధశాస్త్ర బోధనకు అక్కడ పునాది వేశారు. 1949లో ఢిల్లీ చేరి ఇక్కడి రసాయనశాఖకు అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చారు. 1960లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. 1975 సెప్టెంబరులో కన్నుమూశారు.

ఢిల్లీలో ఆయన బృందం పరిశీలించిన కలపల్లో రక్తచందనంతోపాటు దాని జాతికే చెందిన యేగిస ఉన్నది. దీనినే ఆయుర్వేదంలో విజయసార మంటారు, మధుమేహానికి వాడతారు. అయితే చెట్టులో ఏమున్నదో తెలియడం వేరు, అది రోగికి మేలు చేస్తుందని తేలడం వేరు. మొదటి మెట్టు రసాయనశాస్త్రానిది, రెండవది వైద్యశాలది. ఆ రెండవ మెట్టుకు దశాబ్దాలు పట్టింది. భారత వైద్య పరిశోధన మండలి 1998లో ప్రకటించిన ఫలితాల్లో, 97 మంది కొత్త రోగులలో 67 మందికి 12 వారాలలో రక్తంలోని చక్కెర అదుపులోకి వచ్చింది. పోలికకు మరొక బృందం లేనందున, తరువాత వాడుకలోని మాత్రతో పోల్చి మళ్లీ పరీక్షించవలసి వచ్చింది.

ఇక మూడవ మెట్టు రాజకీయులది. యేగిస బస్తర్ అడవుల చెట్టు. తెలంగాణ సరిహద్దుకు ఆనుకొని, నేటి సుక్మా జిల్లాలో ఉన్న మరైగూడ వంటి కోయ పల్లెల చుట్టూ ఉన్నవి ఆ అడవులే. వనమూలికలతో వ్యాపారం చేసేవారు లాభంలో స్థానికులకు వాటా ఇవ్వాలన్నది 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఆశయం. 2023 సవరణ మాత్రం గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికి ఆ బాధ్యత తప్పించింది. విజయసారం గ్రంథాలకెక్కిన మందే. గ్రంథం లేని కోయవాని తెలివికి, అతడు కాపాడిన చెట్టుకు విలువ కట్టేదెవరు?

శేషాద్రి గారు వేసిన తొలి మెట్టు దృఢమైనది. దానిపై మన పార్లమెంటు కట్టిన మెట్టు వంకరగా ఉన్నదని నా అభిప్రాయం. సరిదిద్దే అధికారం ప్రయోగశాలకు లేదు, అది ఓటరుదే.