నీళ్లకొరకు ఒడ్డు దిగినవారు
జాన్ విలియమ్స్ దొరగారి జీవితము

దూరదేశములకు పోయిన సువార్తికుల చరిత్రలు చదువునప్పుడు వారి ప్రసంగములను, శ్రమలను తెలిసికొందుము గాని, దారిలో వారు ఏమి త్రాగిరి, ఏమి తినిరి అని అడుగము. చిన్న ఓడలో దీవినుండి దీవికి తిరుగువానికి అదియే మొదటి చింత. మన సూళ్లూరుపేట ప్రాంతమువారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. పులికాటు సరస్సులోని ఇరకము, వేనాడు దీవులవైపు పడవలో పోయినవారు ఎరుగుదురు. ఎటు చూచినను నీరే, గాని గుక్కెడైనను త్రాగుటకు పనికిరాదు. ఒడ్డు దిగి ఇసుకలో చెలమ తీయవలెను, లేదా అక్కడివారి కడవలోనివి అడిగి పుచ్చుకొనవలెను.

పౌలు ఎక్కిన ఓడ బద్దలై అందరును మెలితే ఒడ్డున పడినప్పుడు, ఆ దీవివారు చలికి నిప్పు రాజవేసి, వెళ్లునప్పుడు కావలసిన వస్తువులు ఓడలో ఉంచిరని అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో చూచుచున్నాము. అంతకు ముందు ఆ ఒడ్డునకు వచ్చిన ఓడ ఎట్టిదో లూకా వ్రాయలేదు. విలియమ్స్ దొరగారి చరిత్రలో ఆ ముందటి ఓడల సంగతి మనకు తెలియును. అందుచేతనే ఈ మాసము ఆయననుగూర్చి వ్రాయుచున్నాను.

ఆయన 1796లో లండను దగ్గరి టాటెన్‌హామ్‌లో జన్మించెను. చిన్నతనమున ఇనుప సామానుల వర్తకునియొద్ద పని నేర్చుకొనుటకు పెట్టబడెను. అంగడిలో అమ్మకము నేర్చుకొనవలసినవాడు, మనస్సు మాత్రము కొలిమిమీదనే పెట్టుకొనెను. 1814 జనవరిలో ఒక ఆదివారము సాయంకాలమున, స్నేహితులతో పానశాలకు పోవలెనని వీధిలో కనిపెట్టుచుండగా, యజమానుని భార్య చూచి అతనిని ఆరాధనకు పిలుచుకొని పోయెను. ఆ రాత్రి అతని త్రోవ మారెను. 1816లో మేరీ చానర్ అను ఆమెను వివాహము చేసికొని, లండను మిషను పక్షమున దక్షిణ సముద్ర దీవులకు ఓడ యెక్కెను. 1805లో విశాఖపట్టణమునకును, 1822లో మన కడపకును మిషనెరీలను పంపిన సంఘము ఇదియే.

1818లో రయాటియా అను దీవిలో కాపురము పెట్టెను. అయితే ఒక్క దీవిలో కూర్చుండుట ఆయన స్వభావమునకు సరిపడలేదు. 1823లో ఆయన రారోటాంగా దీవిని కనుగొనెను. మొదటి రాత్రి ఒడ్డు దిగిన ఉపదేశులును వారి భార్యలును అవమానముపాలై తెల్లవారగానే ఓడకు తిరిగి వచ్చిరి. అప్పుడు పపేయిహా అను దీవివాసియైన ఉపదేశి, తానొక్కడే ఉందునని దిగిపోయెను. దొరగారి కీర్తి చెప్పునప్పుడు ఈ పపేయిహాను మరచిపోవుట న్యాయము కాదు. ఆ దీవిలో పునాది వేసినవాడు అతడే.

1827లో విలియమ్స్ రారోటాంగాకు మరల వచ్చి, తిరిగి పోవుటకు ఓడ రాక చిక్కుకొనెను. ఇక తానే ఓడ కట్టుటకు పూనుకొనెను. ఱంపము లేదు, ఇనుము లేదనదగినంత కొంచెము. మేకలను కోసి ఆ తోలుతో కొలిమితిత్తి చేసెను. ఎలుకలు ఒక్క రాత్రిలో తోలంతయు తినివేసి కఱ్ఱ మాత్రము మిగిల్చెను. అప్పుడు తోలు లేకుండ చెక్కపెట్టెతో గాలి కొట్టు ఉపాయము కనిపెట్టెను. చెట్లను చీలలతో చీల్చి పలకలు తీసిరి. వంపు పలక కావలసినచోట వంకర చెట్టు వెదకిరి. మేకులకు బదులు కఱ్ఱచీలలు దిగగొట్టిరి. కొబ్బరిపీచుతో సందులు పూడ్చిరి, చెట్టునారతో త్రాళ్లు పేనిరి, చాపలను తెరచాపలు చేసిరి. చుక్కానికి కావలసిన ఇనుము ఒక గునపము ముక్క, ఒక బాడిసె, ఒక పార కరగించగా వచ్చెను. దాదాపు పదునైదు వారములలో అరువది అడుగుల పొడవుగల ఓడ నిలిచెను. దానికి శాంతిదూత అని పేరు పెట్టిరి. కొలిమి దగ్గర నేర్చిన పని దేవుడు ఎక్కడికి తెచ్చి వాడుకొనెనో చూడుడి.

ఆ ఓడ మొదటి ప్రయాణము ఐటుటాకి దీవికి. అక్కడనుండి పందులు, కొబ్బరికాయలు, పిల్లులు ఎక్కించుకొని వచ్చెను. పిల్లులు ఎందుకని నవ్వవద్దు. రారోటాంగాలో ఎలుకలు భోజనపు బల్లలమీదికే వచ్చుచుండెను. పిల్లులకంటె పందులే ఆ ఎలుకలను ఎక్కువగా తినివేసెనట!

1830లో శాంతిదూత సమోవా చేరెను. అక్కడి ప్రజలు ఉపదేశులను సంతోషముతో చేర్చుకొనిరి. 1834లో ఆయన ఇంగ్లండుకు వెళ్లి, రారోటాంగా భాషలో క్రొత్త నిబంధన అచ్చు వేయించి, తన ప్రయాణములనుగూర్చి పెద్ద గ్రంథము వ్రాసి, 1838లో కామ్డెన్ అను ఓడలో తిరిగి బయలుదేరెను.

ఈసారి ఆయన చూపు పడమటి దీవులమీద పడెను. అవి నేటి వనువాటు దేశములోనివి. వాటిలో ఎర్రోమాంగా ఒకటి. 1774లో కుక్ అను నావికుడు కట్టెలకును నీళ్లకును ఆ ఒడ్డు దిగజూచెను. దీవివారు కొబ్బరికాయలును, వెదురుబొంగులో కొంచెము నీళ్లును ఇచ్చిరి. తరువాత వారు పడవను గట్టుకు లాగబోగా తుపాకులు ప్రేలెను, దీవివారు కొందరు చచ్చిరి. 1825లో పీటర్ డిల్లన్ అను వర్తకుడు అక్కడ చందనపు చెట్లున్నవని కనుగొనెను. ఇది మన శేషాచలము కొండల ఎఱ్ఱచందనము కాదు, వాసనగల శ్రీగంధము. చీనాదేశములో దానికి మంచి ధర. 1830 నాటికి ఇతర దీవులనుండి వందలకొలది కూలివారిని తెచ్చి, చెట్లు నరికి, అడ్డము వచ్చినవారితో యుద్ధము చేసిరి. కాబట్టి ఆ ఒడ్డున నిలిచినవానికి తెరచాప కనబడుట మంచి వార్త కాదు.

1839 నవంబరు 20న కామ్డెన్ పడవ ఆ తీరమునకు వచ్చెను. పడవలో విలియమ్స్, యౌవనస్థుడైన హారిస్, కన్నింగ్‌హామ్, నాయకుడైన మోర్గాన్ ఉండిరి. వీరి భాష వారికి, వారి భాష వీరికి తెలియదు. గాలములు, ఒక అద్దము ఇచ్చిరి. పడవలోని బాల్చీ చూపి నీళ్లకు సైగ చేసిరి. ఒకడు పరుగెత్తి పోయి మంచినీళ్లు తెచ్చెను. కొబ్బరికాయలు కూడ వచ్చెను. ఇంతవరకు మెలితే వలెనే యున్నది. అయితే ఒడ్డున స్త్రీలు ఒక్కరును కనబడలేదు. ఆ దీవులలో అది మంచి గురుతు కాదు. ముందు హారిస్ దిగెను, తరువాత విలియమ్స్ దిగి గుడ్డలు పంచిపెట్టెను. పిల్లలు చుట్టు చేరగా, వారికి సమోవా భాషలో ఒకట్లు చెప్పుచు నడిచెను.

అంతలో కేక వినబడెను. హారిస్ పొదలలోనుండి పరుగెత్తి వచ్చి వాగులో పడి చంపబడెను. విలియమ్స్ సముద్రమువైపు పరుగెత్తెను గాని, రాళ్లతో నిండిన ఏటవాలు ఒడ్డున నీళ్లలో పడిపోయెను. దుడ్డుకఱ్ఱలతోను బాణములతోను అక్కడనే చంపిరి. మిగిలిన ఇద్దరును తప్పించుకొని పడవ చేరిరి. నలువది మూడేండ్ల వయస్సు ఆయనకు. 1840లో ఇంగ్లీషు యుద్ధనౌక వెళ్లి దొరికిన ఎముకలు తెచ్చి సమోవాలో పాతిపెట్టెను.

కొన్ని పుస్తకములలో ఆ దీవివారిని క్రూరమృగములని వ్రాసి ఊరకుందురు. నేను అట్లు వ్రాయజాలను. నీళ్లు తెచ్చి ఇచ్చినవారును వారే గదా. గంధపు వర్తకులు చేసిన అప్పు అప్పులేనివానియొద్ద వసూలాయెను. ఆ అప్పు అంతటితో తీరలేదు. 1861లో ఓడలు తెచ్చిన తట్టు ఆ దీవులలో వ్యాపించి జనులు విస్తారముగా చనిపోగా, ఆ నేరము మోపి గార్డన్ అను మిషనెరీని, ఆయన భార్యను చంపిరి. ఆయన తమ్ముడు అది తెలిసియే అక్కడికి వచ్చి 1872లో చంపబడెను. తరువాతి కాలమున ఎర్రోమాంగా ప్రజలు క్రీస్తును అంగీకరించిరి.

2009 నవంబరు 20న, నూట డెబ్బదియేండ్లకు, విలియమ్స్ వంశస్థులు ఎర్రోమాంగాకు ఓడలో వచ్చిరి. చంపినవారి వంశస్థులు వారిని ఎదుర్కొని క్షమాపణ అడిగిరి. ఆ తీరమునకు విలియమ్స్ పేరు పెట్టిరి. తమ పితరులు తీసిన ప్రాణమునకు బదులుగా, దీవి ఆచారము చొప్పున, ఏడేండ్ల బాలికను విలియమ్స్ కుటుంబమునకు అప్పగించిరి. ఆ చిన్నదాని చదువు భారము తాము వహింతుమని వారు ఒప్పుకొనిరి.