దీపం వెనుక శ్రమ – ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితం

ఏటా మే 12వ తేదీన జరిగే నర్సుల దినోత్సవం ఫ్లోరెన్స్ నైటింగేల్ జన్మదినమని మన విద్యార్థులకు విదితమే. చేత దీపం ధరించిన ఆమె చిత్రాన్ని చూడనివారు అరుదు. అయితే 2020, 2021 సంవత్సరాలలో గాలి చొరని రక్షణ దుస్తులతో, గంటల తరబడి మంచినీరైనా ముట్టక కరోనా రోగులకు సేవ చేసిన నర్సులను తలచుకొన్నప్పుడు, ఆ చిత్రం ఒక్కటే చాలదని మాకు తోచింది. మహమ్మారి నడుమ రోగిసేవ చేసేవారు ఏ ఆధారంతో నిలబడగలరు? ఈ ప్రశ్నతో ఆమె జీవితాన్ని పరిశీలించబూనితిమి.

నైటింగేల్ 1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో, సంపన్నమైన ఆంగ్ల కుటుంబంలో జన్మించింది. ఆసుపత్రి పని ఆనాడు గౌరవప్రదం కాదు. తల్లి, అక్క చాలాకాలం అడ్డుచెప్పారు. ఎట్టకేలకు 1851లో జర్మనీలోని కైసర్స్‌వర్త్‌లో మూడు నెలలు శిక్షణ పొంది, 1853లో లండనులో ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలైంది. మరుసటి సంవత్సరం ఆగస్టులో లండనులో కలరా చెలరేగగా, మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి వెళ్లి ఆ రోగులకు స్వయంగా ఉపచారాలు చేసింది.

అంతలో క్రిమియా యుద్ధం వచ్చింది. 38 మంది స్త్రీలతో ఆమె 1854 నవంబరు 4న ఇస్తాంబులుకు ఎదుటి తీరాన ఉన్న స్కుటారి చేరింది. తుర్కీ ప్రభుత్వం బ్రిటిషు వారికిచ్చిన సైనిక నివాసమే అక్కడి ఆసుపత్రి. భవనం కింద మురుగు, గదులలో కిక్కిరిసిన రోగులు, కలరా, విరేచనాలు, విషజ్వరాలు. నర్సులను వార్డులలోకి రానిచ్చేందుకు వైద్యులు మొదట ఇష్టపడలేదు. ఆమె తొందరపడక, తన వారిచేత కట్లు, దిండ్లు కుట్టించింది. క్షతగాత్రులు వెల్లువలా రావడంతో తలుపులు తెరచుకొన్నాయి. తర్వాత ఒక ఇల్లు అద్దెకు తీసుకొని కాగులు పెట్టించి, సైనికుల భార్యలచేత బట్టలు ఉతికించింది. పథ్యపు వంటకు వేరే వంటశాల ఏర్పరచింది. కరుణామూర్తి అని కీర్తించేవారు ఈ చాకిరేవును, వంటశాలను మరచిపోతుంటారు. నర్సుకు ఊపిరి నిలిపేవి ఇవే.

రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట నర్సులెవరూ వార్డులలో ఉండరాదని ఆమె నియమం. పరువు మర్యాదలే అందుకు కారణమైనా, పగలంతా నిలుచున్నవారికి నిద్ర దక్కింది. ఆమె మాత్రం తిరిగేది. ఆ చేతిలోని దీపం చిత్రకారులు వేసే నూనె ప్రమిద కాదు, తుర్కీ మడత లాంతరు. మన ఉర్దూ మిత్రులెరిగిన ఫానూసు అదే.

ఇంత శ్రమించినా ఆ చలికాలంలో మరణాలు తగ్గలేదు! 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందినవారిలో నూటికి 42 మందికి పైగా చనిపోయారు. మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం మురుగు తీయించి, గాలి వెలుతురులు కల్పించిన తర్వాత, జూను నాటికి ఆ సంఖ్య నూటికి రెండుకు దిగింది. ఎంత సేవించినా రోగి దక్కకపోవడం కంటె నర్సును కుంగదీసేది వేరొకటి లేదని మా అభిప్రాయం. ఆమె సహచరులలో కొందరు జ్వరాలతో అక్కడనే కన్నుమూశారు. 1855 మే నెలలో ఆమె కూడా జ్వరపడి చావు అంచుదాకా వెళ్లింది. 1856లో స్వదేశం చేరిన తర్వాత చిరకాలం మంచం పట్టింది.

ఆ మంచం మీదనుండే విలియం ఫార్ అనే గణాంకవేత్త సాయంతో మరణాల లెక్కలు తేల్చి, సైనికులను గాయాల కంటె ఆసుపత్రి మురికియే ఎక్కువగా చంపిందని పటాలు గీసి చూపింది. 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం నెలకొల్పినప్పుడు, శిక్షణ పొందేవారికి ప్రత్యేకంగా గదులు, వసతి ఏర్పాటయ్యాయి. అలసిన మనిషికి తలుపు వేసుకొని పడుకొనే చోటు కావాలన్నది చిన్న విషయం కాదు.

భారతదేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినను మన సీమతో ఆమెకు సంబంధం లేకపోలేదు. ధాత నామ సంవత్సరపు కరువు, అనగా 1876–78 నాటి మహాక్షామం, కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను తుడిచిపెట్టింది. వెంట కలరా వచ్చింది. మద్రాసు రాజధానిలోని ఈ దుఃఖాన్ని గురించి 1878లో ఆమె ఆంగ్ల పత్రికలో వ్రాసింది. గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర పక్షాన నిలిచి, కాలువలు త్రవ్వండని అధికారులను వేధించింది. స్కుటారిలో నేర్చిన పాఠమే ఇది: రోగం వచ్చాక పరుగెత్తడం కంటె నీరు, కూడు ముందుగా సమకూర్చాలి.

1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన తొలి మహిళ అయింది. అప్పటికి చూపు పోయింది. 1910 ఆగస్టు 13న తొంబదవ ఏట లండనులో మరణించింది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేయుదుమంటే బంధువులు అంగీకరించలేదు. ఈస్ట్ వెలో అనే పల్లెలో కుటుంబ సమాధిలోనే ఉంచారు. ఆ రాతిమీద ఎఫ్.ఎన్. అను రెండక్షరాలు, జనన మరణ తేదీలు మాత్రమే చెక్కి ఉన్నాయి.