డిచ్‌పల్లి వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసానిగారు

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 18:1–3, 24–26, మత్తయి సువార్త 25:14–30



క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుండి వెళ్లగొట్టిన కాలమున అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు కొరింథు పట్టణము చేరిరి. డేరాలు కుట్టుట వారి జీవనాధారము. ఆ వృత్తి అకుల ఒక్కనిదని లూకా వ్రాయలేదు, ఇద్దరిదిగా చెప్పెను. తరువాత ఎఫెసులో అపొల్లోకు నేర్పవలసివచ్చినప్పుడును ఇద్దరును కలిసియే నేర్పిరి. ఊరు మారినందున ప్రిస్కిల్ల చేతిపని పోలేదు. ఆమె జ్ఞానము మూలపడలేదు.

ఈ దంపతులను ఈ నెల మేము జ్ఞాపకము చేయుటకు కారణమున్నది. మన పల్లె సంఘములలోని అనేక కుటుంబములు పొలము తాకట్టు పెట్టియైనను ఆడపిల్లలను ఇంజనీరింగు, నర్సింగు చదివించిరి. వారిలో కొందరు హైదరాబాదు హైటెక్ సిటీలో ఉద్యోగము చేయుచున్నారు. వివాహమైన పిమ్మట భర్తను కంపెనీవారు పరదేశమునకు పంపగా, ఈ పిల్లలు రాజీనామా ఇచ్చి వెంట వెళ్లుచున్నారు. అక్కడికి వెళ్లిన తరువాత వారి చదువు ఏమగుచున్నది? ఈ ప్రశ్నను ఆలోచించుటకు మన తెలంగాణ నేలమీదనే జీవించి, ఈ నేలమీదనే కన్నుమూసిన ఒక స్త్రీ చరిత్రను మీ యెదుట పెట్టుచున్నాము. ఆమెయు భర్తతోకూడ పరదేశమునకు వచ్చిన భార్యయే.

ఇసబెల్ గన్ 1875వ సంవత్సరము మే 30న స్కాట్లండు దేశపు ఉత్తర భాగమున ఒక రైతు ఇంట జన్మించిరి. ఆ దేశపు విశ్వవిద్యాలయములు స్త్రీలకు పట్టములిచ్చుటకు తలుపులు తెరచినది 1892లోనే. అంతకుముందు ఎంత తెలివిగల ఆడపిల్లయైనను ఆ గుమ్మము దాటి పట్టము పొందుటకు వీలు లేకుండెను. గన్ గారు అబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యము చదివి 1903లో పట్టము పొందిరి. ఆ కాలమున స్త్రీ వైద్యురాలగుట అరుదైన సంగతి. రైతుబిడ్డ వైద్యురాలగుట ఇంకను అరుదు.

ఆమె వివాహమాడిన జార్జి మెక్‌గ్లాషన్ కెర్ గారు మొదట వడ్రంగి పని చేసినవారు, తరువాత పాదిరిగారైరి. 1907లో ఈ దంపతులు వెస్లియన్ మెథడిస్టు మిషనులో పని చేయుటకు నిజాము ప్రభువు ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి.

ఇచ్చట ఒక సంగతి గమనింపుడి. ఆ దినములలో పడమటి మిషను సంఘములలో సాధారణముగా నియామకము భర్తకు జరిగెడిది. భార్య ఆయన వెంట వచ్చునది మాత్రమే. ఆమె చేసిన బడిపని, స్త్రీల మధ్య పని, రోగుల సేవ, ఇవన్నియు భర్త పనిలోనే కలిపి లెక్కించెడివారు. జీతము ఒకటి, పనివారు ఇద్దరు. ఎందరో మిషనరీ భార్యలు ఇట్లు పేరు లేకయే పాటుపడి సమాధులలో నిద్రించుచున్నారు.

కెర్ దొరసానిగారు తన వైద్యపట్టమును పెట్టెలో పెట్టి తాళము వేయలేదు. ఈ సంస్థానమున కుష్ఠరోగులకు తగిన వైద్యశాల లేకుండుట చూచి ఆమె కలతచెందిరి. ఆ రోగము సోకినవానిని ఇంటివారు బయట పెట్టుదురు. ఊరివారు ఊరవతలికి తోలుదురు. బావి దగ్గరకు రానీయరు. ఈ సంగతి మన పెద్దలలో కొందరు చూచియే యుందురు. 1911లో నిజామాబాదులో కుష్ఠరోగులకొరకు ఒక చిన్న ఆశ్రమము ప్రారంభమాయెను. త్వరలోనే ఆ చోటు చాలకపోయెను.

అప్పుడు దేవుడు ఒక హిందూ సోదరుని హృదయమును కదిలించెను. రాజా నర్సాగౌడు గారు గొప్ప విరాళమిచ్చిరి. ఆ సహాయముతో హైదరాబాదు నుండి నిజామాబాదు వెళ్లు రైలు మార్గములోని డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠరోగ వైద్యశాల నిర్మింపబడి 1915లో తెరువబడెను. పరదేశపు స్త్రీ జ్ఞానమును, ఈ దేశపు హిందువు ధనమును కలిసి, ఎవరికిని అక్కరలేనివారికి ఇల్లు కట్టెను.

ఆ కాలమున ఈ రోగమునకు వాడిన మందు చాల్‌మూగ్రా జాతి చెట్ల గింజలనుండి తీయు నూనె. మన దేశమున పూర్వమునుండి తెలిసిన మందే అది. అయితే నోట త్రాగినయెడల కడుపులో త్రిప్పి వాంతియగును. ఎక్కువకాలము ఓర్చుకొని త్రాగగలవారు కొద్దిమంది. కలకత్తాలో మ్యూర్ అను వైద్యుడు ఆ నూనెను సూదిమందుగా ఇచ్చు విధమును పరిశోధించుచుండెను. కెర్ దొరసానిగారు ఆ పద్ధతిని డిచ్‌పల్లిలో అనుసరించిరి. నాటివరకు కుష్ఠరోగుల ఆశ్రమమనగా చనిపోవువరకు తలదాచుకొను చోటు. ఈ వైద్యముతో అది బాగుపడుదుమను నిరీక్షణగల చోటాయెను. తలదాచుకొను చోటును దయగల ఎవరైనను ఇయ్యగలరు. వైద్యము చేయుటకు మాత్రము వైద్యము చదివినవారే కావలెను.

కెర్ దొరగారు ఆ స్థలము నిర్వహణ భారమును మోసిరి. ఇండ్లు లేవవలసిన చోట వడ్రంగి పని యెరిగిన మనిషి ఎంత అక్కరయో పల్లెవారికి మేము చెప్పనక్కరలేదు. మొదట భర్త నియామకమును బట్టి భార్య ఈ దేశమునకు వచ్చెను. తుదకు భార్య వృత్తి చుట్టు భర్త తన పనిని అమర్చుకొనెను. ఇందులో ఆయనకు అవమానమేమియు లేదు. 1923లో వారిద్దరికిని కైసర్-ఇ-హింద్ పతకములు లభించెను. ఒకరి వెనుక ఒకరు కాదు, ఇద్దరి పేర్లును నిలిచెను.

1932లో కెర్ దొరసానిగారు డిచ్‌పల్లిలోనే ప్రభువునందు నిద్రించిరి. హైదరాబాదు వచ్చినది మొదలు 25 సంవత్సరములు ఆమె ఈ ప్రజల మధ్య గడపిరి. భర్తగారు ఆమె పోయిన తరువాతను కొన్ని సంవత్సరములు ఆ పనిలో నిలిచిరి. 1940ల తరువాత డాప్సోను మాత్రలును, 1980లలో మూడు మందులు కలిపి ఇచ్చు చికిత్సయు వచ్చెను. నేడు ఈ రోగమునకు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా పూర్తి వైద్యము దొరకును. చర్మముపై స్పర్శ లేని మచ్చ కనబడినయెడల దాచక వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లవలెనని మీకు జ్ఞాపకము చేయుచున్నాము.

ఇప్పుడు ఆలోచింపుడి. ఆమె ఈ దేశమున దిగినప్పుడు ఒక అధికారి ఎదురై, అమ్మా, నీవు భర్తతో ఉండవచ్చును గాని రోగిని ముట్టరాదు అని నియమము చూపియుండినయెడల ఏమగును? ఆ పట్టము పెట్టె అడుగున పసుపుబారియుండును. నిజామాబాదు ఆశ్రమము పుట్టుటకు ఆమె చేయి ఉండకపోవును. నష్టము ఆమెకు మాత్రమే కాదు. పేరులేని ఎందరో రోగులకు.

అట్టి నియమము నేడు మన పిల్లలకు నిజముగా ఎదురగుచున్నది. 1998వ సంవత్సరము నవంబరు 22న మాదాపూరులో సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు ఆ ప్రాంతమంతయు కంపెనీలతో నిండెను. 2023 నుండి అమెరికా కాన్సులేటు కూడ నానక్‌రామ్‌గూడలోనే ఉన్నది. అక్కడ భర్తకు హెచ్-1బి వీసా దొరికినయెడల భార్యకు హెచ్-4 వీసా ఇత్తురు. దానితో ఆమె ఆ దేశమున నివసించవచ్చును, చదువుకొనవచ్చును. గాని జీతమునకు పని చేయరాదు. 2015 మే నుండి కొందరికి మాత్రము ప్రత్యేక అనుమతి పత్రము అడుగుకొను వీలు కలిగెను. భర్త శాశ్వత నివాసపు దరఖాస్తు ఒక మెట్టు దాటినగాని సాధారణముగా అది దొరకదు. ఆ శాశ్వత నివాసమునకైనను ఒక్కొక్క దేశమున పుట్టినవారికి ఇంతకు మించరాదను హద్దున్నందున, భారతదేశమున పుట్టినవారి వరుస బహు సంవత్సరములు సాగుచున్నది.

అన్ని దారులు ఒకే విధముగా లేవు. కంపెనీ తన సొంత శాఖకే ఉద్యోగిని మార్చి ఎల్-1 వీసాపై పంపినయెడల, 2021 నవంబరు నుండి ఆ భార్యకు వేరు అనుమతి పత్రము లేకయే పని చేయు హక్కు కలిగెను. ఇంగ్లండులో నిపుణ ఉద్యోగి వెంట వెళ్లు భార్యకు గాని భర్తకు గాని సాధారణముగా పని చేయుటకు వీలున్నది. ఒకే కంపెనీ, ఒకే భర్త. వీసా పేరు మారగానే భార్య బ్రదుకు మారుచున్నది. అయినను పెండ్లి మాటలలో జీతమెంతయని అడుగుదురు, ఏ దేశమని అడుగుదురు. ఏ వీసాయని, పిల్లకు పని చేయు హక్కు కలదాయని అడుగువారిని మేము అరుదుగా చూచితిమి. వీసా దొరకవలెనని ప్రార్థన చీటీలు మా సంఘములో అనేకములు వచ్చును. వెంట వెళ్లు భార్య పని కొరకు చీటీ వచ్చుట బహు అరుదు.

స్త్రీ ఇల్లు దిద్దుకొని పిల్లలను పెంచిన చాలదా అని కొందరు అడుగుదురు. ఆమె తన ఇష్టముతో ఆ పని ఎన్నుకొనినయెడల అది ఘనమైన పిలుపే. దానిని తక్కువ చేయువారము మేము కాము. అయితే ఎన్నుకొనుట వేరు, కట్టుబడి కూర్చుండుట వేరు. తలాంతుల ఉపమానమున తలాంతును పాతిపెట్టిన దాసుని యజమానుడు గద్దించెను. ఇక్కడ పిల్ల తన తలాంతును తాను పాతుకొనుట లేదు. మనము తొందరపడి ఆలోచింపక ఆమె చేత పాతిపెట్టించుచున్నాము. ఆ లెక్క మనలను కూడ అడుగుదురు.

కాబట్టి తలిదండ్రులకు మా మనవి ఇది. సంబంధము కుదుర్చుకొనకముందే వీసా సంగతి అడుగుడి. పెండ్లికుమారుని అమెరికా చూచి కట్నము పెంచుట మానుడి. అది ఎట్లును పాపమే. పిల్ల సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు ఆమె చేతనే ఉండనిండి; ఆమె పేరున బ్యాంకు ఖాతా ఉండనిండి. నర్సు అయినయెడల నర్సింగు కౌన్సిలు రిజిస్ట్రేషను గడువు దాటిపోకుండ చూచుకొనవలెను.

భర్తలకు మా మనవి: కంపెనీవారు పంపుదుమన్నప్పుడు ఒప్పుకొనకముందే, నా భార్యకు ఏ హక్కుండును, ఆమెకు తగిన దారి ఏదైన కలదా అని అడుగుడి. అడుగుటలో సిగ్గు లేదు. కెర్ దొరగారు భార్య వృత్తికి చోటిచ్చి చిన్నవారు కాలేదు. భార్య నర్సుగా పరదేశమునకు పోగా భర్త వెంట వెళ్లు కుటుంబములును నేడు కలవు. ఆ సోదరుని ఎగతాళి చేయకుడి. ఈ మాటలు అతనికిని వర్తించును.

వెళ్లు సహోదరీలకు మా మనవి: అనుమతి లేక రహస్యముగా జీతమునకు పని చేయకుడి. ఇంట కూర్చుండి ఇక్కడి కంపెనీకి పని చేయవచ్చునని ఎవరైనను చెప్పినను, ఆ దేశపు న్యాయవాదిని అడుగక ఒప్పుకొనకుడి. నియమములు మారుచుండును గనుక బయలుదేరు నాటి నియమమును తెలిసికొనుడి. పని మూయబడిన కాలమున చదువు తలుపు తెరచియున్నయెడల అందులో ప్రవేశించుడి. సంఘస్థులారా, అట్టి పిల్ల సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఊరకే కూర్చుండి తినుచున్నదని చెప్పుకొనకుడి. ఆమె మనస్సులోని భారము మీకు తెలియదు.

పౌలు రోమా సంఘమునకు వందనములు పంపుచు ప్రిస్కిల్ల పేరును అకుల పేరును కలిపియే వ్రాసెను, ఇద్దరిని తన జతపనివారిగా ఎంచెను. డిచ్‌పల్లిలోను దేవుడు ఒక దంపతులను అట్లే వాడుకొనెను. మన ఇండ్ల నుండి పోవు దంపతులను కూడ ఇద్దరిగా లెక్కించి పంపుదము.

ప్రార్థన: తండ్రీ, వెంట వెళ్లు మా బిడ్డలకు నీవిచ్చిన వరములు మట్టిలో పూడిపోకుండ కాపాడుము. తలుపులు మూయబడినచోట ఓర్పును, తెరచినచోట ధైర్యమును దయచేయుము. మా తొందరపాటును క్షమించి మాకు వివేకము నిమ్ము. ప్రభువైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.