సూర్యుని చిట్టా వ్రాయించిన తెలుగు పెద్ద

ఉగాదినాడు పంచాంగశ్రవణం చేయడం మన వాడుక. ఈ యేడు రాజెవరు, మంత్రి ఎవరు, వానలెన్ని పాళ్లు, ఎండలెన్ని పాళ్లు అని శ్రద్ధగా వింటాము. పొట్ట చేతబట్టుకొని పుట్టిన ఊరు వదలి ఈ పళవేర్కాడు ప్రాంతానికి వచ్చిన మనవంటి కుటుంబాలవారు కూడ ఆ వాడుకను మానలేదు. అయితే గ్రహాలకు పెద్దయైన సూర్యునికి దినదినమూ చిట్టా వ్రాసే కొలువొకటి ఉన్నదనీ, ఆ కొలువుకు మన తెలుగువారొకరు పెద్దగా ఉండినారనీ మన పిల్లలకు చెప్పేవారు తక్కువ. వారే డాక్టరు అప్పాద్వేదుల లక్ష్మీనారాయణగారు. శాస్త్రలోకం వారిని ఎ. ఎల్. నారాయణ్ అని ఎరుగును.

2023 సెప్టెంబరు 2వ తేదీ పగలు ప్రళయకావేరి సరస్సుకు ఆవలనున్న శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 అనే నౌక బయలుదేరింది. మేము పిల్లలతో గట్టున నిలిచి చూచినాము. పడవలవారు కూడ గడలు ఆపి తలలెత్తినారు. పొగచార మిగిలింది, ఆ వెనుక ఉరుమువంటి మోత వచ్చింది. ఆ నౌక 15 లక్షల కిలోమీటర్ల దూరం పోయి, 2024 జనవరి 6న తన చోటు చేరి, రాత్రి అడ్డం లేకుండ సూర్యుని కనిపెట్టసాగింది. ఇంటికి వచ్చే దారిలో మా పెద్దపిల్లవాడు, ఇంతకుముందు సూర్యుని ఎవరు కనిపెట్టి చూచేవారని అడిగినాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయి లక్ష్మీనారాయణగారి చరిత్రలో పడినాము.

వారు 1887లో గోదావరి డెల్టాలోని ముక్కామలలో జన్మించినారు. చదువు ముగించి విజయనగరం మహారాజావారి కళాశాలలో భౌతికశాస్త్రం బోధించినారు. పరిశోధన అంటే దూరదేశాలకు పోవలెననుకొనే రోజులవి. వారు మాత్రం ఆ కళాశాలలోనే పని మొదలుపెట్టినారు. లోహాన్ని కాచి ఆవిరి చేసి, ఆ ఆవిరిగుండ వెలుతురును పంపి, ఏ ఆవిరి ఏ రంగును మింగుతున్నదో కొలిచేవారు. ఆ పనిలో తోడుగానున్న శిష్యులలో కె. రంగధామరావుగారొకరు. ఆయన పిమ్మట వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ విద్యకే గొప్ప పేరు తెచ్చినారు. గురువుగారికి మదరాసు విశ్వవిద్యాలయంవారు డి.యస్‌.సి. పట్టం ఇచ్చినారు.

ఈ ఆవిరుల విద్యకూ సూర్యునికీ ఏమి పొత్తని పాఠకులు అడుగవచ్చును. సూర్యకాంతిని రంగులుగా విడదీస్తే నడుమ నల్లని గీతలు కనబడుతాయి. ఏ గీత ఏ పదార్థానిదో తెలిసినవారికి అక్కడ ఇనుమున్నదా, సున్నపు ధాతువున్నదా అన్నది తెలిసిపోతుంది. ఆ గీతలు చదువనేర్చినవారు కొడైకెనాల్ చేరడం వింత గాదు.

రైలులో దిండుగల్లు దాటి మధురకు పోయేవారు దారిలో కొడైకెనాల్ రోడ్ స్టేషను చూచియుందురు. అక్కడ దిగి కొండ యెక్కిపోతే సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఆ సూర్యవేధశాల ఉన్నది. 1876-78 నాటి దారుణమైన కరవు తరువాత, వానలకూ సూర్యునికీ సంబంధమేమైన ఉన్నదా అనే విచారం పుట్టింది. ఆ విచారమే పెరిగి 1899లో ఆ వేధశాల పని ప్రారంభమైనది. 1904 నాటినుండి సూర్యునికి దినమూ ఫోటో తీయడం మొదలైనది. అక్కడనే 1909లో ఎవర్షెడ్ దొర, సూర్యునిలోని మచ్చలలో వాయువులు నడిమినుండి వెలుపలికి పారుతున్నవని కనుగొన్నారు. మొదటి ముగ్గురు డైరెక్టర్లూ బ్రిటిషువారే. 1937లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయులు మన లక్ష్మీనారాయణగారు.

అక్కడి పని చెప్పడానికి చాల చిన్నది. తెల్లవారి మబ్బు లేకుంటే సూర్యుని బింబానికి మామూలు ఫోటో ఒకటి, సున్నపు ధాతువు రంగు వెలుతురుతో మాత్రమే ఇంకొకటి తీయవలెను. మచ్చలెన్ని, ఎక్కడ, ఎంత పెద్దవి అని గుర్తించి చిట్టా కెక్కించవలెను. మరునాడు మళ్లీ అదే పని. ఆ మచ్చలు అయస్కాంతబలం మిక్కుటమై, చుట్టుపట్లకంటె వేడి తగ్గిన తావులు. వాటి లెక్క సుమారు 11 ఏండ్ల కొకసారి పెరిగి తగ్గుతుంది. లక్ష్మీనారాయణగారు పదవికి వచ్చిన 1937లో మచ్చలు నిండుగా ఉండినవి; 1944 నాటికి బొత్తిగా తగ్గినవి; 1946లో వారు విరమించేనాటికి మళ్లీ పెరిగినవి. నడుమ ప్రపంచయుద్ధం జరిగింది. యుద్ధం వచ్చినా, మచ్చలు లేకున్నా ఆ వరుస తెగలేదు.

మచ్చ లేని సూర్యుని ఫోటో ఎందుకని కొందరికి తోచవచ్చును. 1942 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని రాడారు యంత్రాలు ఉన్నట్టుండి రొదతో నిండినవి. శత్రువు పన్నాగమేమోనని కంగారు పడినారు. విచారణ చేసిన హే అనే శాస్త్రజ్ఞుడు గ్రీనిచ్ వేధశాలను అడుగగా, ఆ దినాలలో సూర్యుని నడిమిలో పెద్ద మచ్చల గుంపు ఉన్నదని వారు చిట్టా చూచి చెప్పినారు. రొద సూర్యునిదేనని తేలింది. దినమూ వ్రాసినవారుండబట్టి గదా ఆ జవాబు దొరికింది!

రైలు కొలువులో ఉన్నవారికి ఇది మరీ దగ్గరి సంగతి. 1859లో సూర్యునిపై పేలుడు కనబడిన మరునాడే తంతికార్యాలయాల తీగలలో నిప్పురవ్వలు లేచినవి. 1982 జూలైలో స్వీడను దేశంలో రైలు లేకుండనే సుమారు 45 కిలోమీటర్ల దూరం సిగ్నళ్లు ఎర్రబడినవి. 1989 మార్చిలో కెనడాలోని క్విబెక్ రాష్ట్రం తొమ్మిది గంటలు చీకటిలో ఉండిపోయింది. అన్నిటికీ మూలం సూర్యుడే. అందుచేతనే నేడు అనేక దేశాలలో వాతావరణ సూచనవలె సూర్యుని సూచనకూడ దినమూ ప్రకటిస్తున్నారు.

మా సంగతి ఒకటి చెప్పుకొంటాము. కొలువులో చేరిన కొత్తలో ఒకనాడు రిజిస్టరు వ్రాయడం మరచి, మరునాడు పాత లెక్కనుబట్టి అందాజుగా నింపినాము. తనిఖీలో పట్టుబడి తల వంచుకొన్నాము. ఖాళీగా విడిచినా ఇంత తప్పు గాదని పై అధికారి మందలించినారు. ఆ మాట నిజమని సూర్యుని చిట్టా సంగతి చదివిన తరువాత బాగా తెలిసింది. మబ్బు పట్టిననాడు మబ్బు అని వ్రాయడమే నిజాయితీ. ఊహించి వేసిన ఒక్క అంకె నూరేండ్ల లెక్కను చెడగొట్టగలదు.

లక్ష్మీనారాయణగారు 1973లో పరమపదించినారు. వారికి ముందు మొదలై, వారి చేతులమీదుగా నడచి, వారి తరువాత కూడ సాగిన ఆ గాజుపలకలను ఇప్పుడు కంప్యూటర్లలోకి ఎక్కించినారు. నూరేండ్లకు పైబడిన ఆ వరుసను చూచి, సూర్యుని నడవడి ఎట్లు మారుతూ వచ్చినదో దేశదేశాల శాస్త్రజ్ఞులు తెలిసికొంటున్నారు. ఆదిత్య నౌక ఎంత గొప్పదైనా 1940లో సూర్యుడెట్లుండెనో చెప్పలేదు. అది చెప్పగలిగినది ఆనాటి గాజుపలక ఒక్కటే.

కోనసీమలో పుట్టి, విజయనగరంలో పాఠాలు చెప్పి, అరవదేశపు కొండమీద సూర్యుని కాచిన ఆ పెద్ద కూడ మనవలెనే ఊరు విడిచి వచ్చినవారే. మన పనులను ఎవరూ చూడడంలేదని ఒక్కొక్కప్పుడు మనకు దిగులు కలుగుతుంది. ఈనాటి పుటను ఈనాడే, ఉన్నది ఉన్నట్టు వ్రాస్తే చాలునని, ఎన్నడో ఒకనాడు దానితో పనిబడేవారు వస్తారని వారి చరిత్రవలన మేము గ్రహించినాము. మా పిల్లవానికి చెప్పిన జవాబుకూడ ఇదే.