నీటిని కొలిచిన వైద్యుడు – డాక్టర్ జాన్ స్నో

డాక్టర్ జాన్ స్నో పేరు వినగానే మనకు స్ఫురించేది లండన్ బ్రాడ్ స్ట్రీట్ లోని చేతిపంపు. 1854లో ఆ పేటలో కలరా విజృంభించగా, ఆయన మృతుల ఇళ్ళలో విచారించి, దోషం పంపునీటిలోనే ఉన్నదని వాదించి, సెప్టెంబరు 8న దాని పిడిని తీయించాడు. జనులు అప్పటికే పేట విడిచిపోవడం వలన వ్యాధి తగ్గుముఖం పట్టినదని ఆయనే నిజాయితీగా అంగీకరించాడు. కావున ఆయన కీర్తికి అసలు ఆధారం ఆ పిడి కాదనీ, అదే సంవత్సరం దక్షిణ లండన్‌లో ఆయన వేసిన లెక్క అనీ మేము తలుస్తున్నాము.

స్నో 1813 మార్చి 15న యార్క్ పట్టణంలో ఒక శ్రామికుని ఇంట జన్మించాడు. పదునాలుగవ ఏట ఒక వైద్యుని వద్ద శిష్యుడై, న్యూకాజిల్ సమీపంలోని బొగ్గుగని కార్మికులలో కలరాను తొలిసారి చూశాడు. దుర్గంధపు గాలి వలననే కలరా వ్యాపిస్తుందని నాటి పెద్దలలో అత్యధికుల నమ్మకం. గాలియే కారణమైతే వ్యాధి ఊపిరితిత్తులను వదలి ప్రేగులను బాధించడమేమని స్నో శంకించి, 1849లో తన వాదాన్ని ప్రచురించాడు. నమ్మినవారు స్వల్పం.

దక్షిణ లండన్‌లో అనేక వీధులలో రెండు కంపెనీల గొట్టాలు ప్రక్కప్రక్క ఇళ్ళకే నీరిచ్చేవి. సౌత్‌వార్క్-వాక్స్‌హాల్ కంపెనీ నగరపు మురుగు కలిసే చోట థేమ్స్ నీటిని తోడేది. లాంబెత్ కంపెనీ 1852లో ఎగువకు మారింది. తమ నీరు ఎవరిదో ఇంటివారిలో చాలామందికి తెలియదు! స్నో ఇంటింటికీ తిరిగి నీరు సేకరించి, సిల్వర్ నైట్రేట్‌తో అందలి ఉప్పును పరీక్షించాడు. గాలనుకు మొదటి కంపెనీ నీటిలో 37.9 గ్రెయిన్లు, రెండవదానిలో 0.95 గ్రెయిను. వ్యాధి సోకిన మొదటి ఏడు వారాలలో పదివేల ఇళ్ళకు మరణాలు మొదటివారిలో 315, రెండవవారిలో 37. గొట్టం ఇరువురికీ ఉన్నది, గాలి ఇరువురికీ ఒక్కటే!

నేడు ప్రపంచ ఆరోగ్యసంస్థ, యూనిసెఫ్ సురక్షిత జలాన్ని లెక్కించునప్పుడు అది ఇంటి ఆవరణలో ఉన్నదా, వలసినప్పుడు అందుతున్నదా, మలినమూ హానికర రసాయనాలూ లేనిదా అని చూస్తాయి. ఈ కొలత ప్రకారం 2022లో 220 కోట్లమందికి అట్టి నీరు లేదు. చివరి ప్రశ్నను స్నో వీధివీధినా అడిగినవాడే.

1855లో ప్రభుత్వ సంఘం ఆయన వాదాన్ని త్రోసిపుచ్చింది. 1884లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ మన కలకత్తాలోని ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని కనుగొన్నాడు. స్నో అప్పటికి 26 ఏళ్ళ క్రిందటే, 1858 జూన్ 16న, తన 45వ ఏట కన్నుమూశాడు.