బొమ్మలు కొన్న నవాబు

మా అనంతపురం పాతూరులో ఒక ఫ్యాన్సీ అంగడి ఉంది. దాని పై అరలో, తుపాకీ పట్టుకున్న ప్లాస్టిక్ సిపాయి బొమ్మ ఒకటి మూడేళ్లుగా అలాగే నిలబడి ఉండేది. అట్టపెట్టె రంగు వెలిసిపోయింది. పైన దుమ్ము పేరుకుపోయింది. శెనక్కాయ పంట చేతికి రాని ఏడు బొమ్మల జోలికి ఎవరొస్తారని అంగడాయన నిట్టూర్చేవాడు. అది నిజమే. మావారి విత్తనాల అంగడిలోనూ బాకీలు వసూలుకాక మా ఇంటి ఖర్చులు ఆచితూచే నడిచేవి. మా చిన్నోడు ఆ దారిన వెళ్లినప్పుడల్లా తలెత్తి ఆ సిపాయినే చూసేవాడు. వచ్చే నెల చూద్దాంలే అంటూ నేను వాణ్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని.

ఆ వేసవి సెలవుల్లో హైదరాబాదులో మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు, పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లాం. మేలిముసుగు రెబెక్కా దగ్గర నేను ఆగిపోతే, వాడు పిల్లల విభాగంలో గాజు బీరువాకి అతుక్కుపోయాడు. లోపల బారులు తీరిన బొమ్మ సైనికులు, బొమ్మ రైలు! ఇవన్నీ ఎవరి పిల్లలవని అడిగాడు. కొన్నాయనకు పిల్లలే లేరంటే నమ్మలేదు.

ఆయన పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్. మూడో సాలార్‌జంగ్‌గా అందరికీ తెలుసు. 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. నెల నిండకముందే తండ్రి, రెండో సాలార్‌జంగ్, కన్నుమూశారు. నిజాం రాజ్యాన్ని ముప్ఫై ఏళ్లపాటు దివానుగా నడిపించిన తాతగారు, మొదటి సాలార్‌జంగ్, 1883లోనే పోయారు. పెద్ద దేవిడీ, నౌకర్లు, జాగీరు... అన్నీ ఉన్నాయి. భుజాన ఎక్కించుకుని తిప్పే నాన్న మాత్రం లేడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆ పసివాడి బాగోగులు పట్టించుకున్నారు.

1912లో, ఇరవై మూడేళ్ల వయసుకే, ఏడో నిజాం ఆయన్ని దివానును చేశారు. ఆ వయసు కుర్రాణ్ని మన ఇళ్లల్లో పాలప్యాకెట్‌కు పంపితే చిల్లర మర్చిపోయి వస్తాడు కదూ! ఆయన మాత్రం రాజ్యం బరువు నెత్తికెత్తుకున్నారు. రెండేళ్లు దాటగానే, 1914లో ఆ పదవి వదిలేశారు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఒకటే ధ్యాస, వస్తువులు కొనడం!

దేశదేశాల వర్తకులు ఆయన గుమ్మం తొక్కేవారు. విదేశాల నుంచి సరుకుల జాబితాలు వచ్చేవి. రెబెక్కా శిల్పం తాతగారు 1876లో రోములో కొన్నది. ఈయన దానికి చిత్రాలు, పుస్తకాలు, దంతపు వస్తువులు, గడియారాలు, చేతికర్రలు, పింగాణీ జతచేస్తూ పోయారు. అన్నీ అపురూపాలేం కావు. గొప్ప కళాఖండం పక్కనే మామూలు అలంకరణ సామానూ కనిపిస్తుంది. బొమ్మ సైనికులకూ అందులో చోటు దొరికింది. ఎందుకు కొన్నారంటే ఎవరేం చెప్పగలరు? తండ్రిని ఎరగని బాల్యం గురించి చదివాక, ఒక తల్లిగా నాకు తోచింది నాకు తోచింది.

ఆయన పెళ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న తనువు చాలించారు. నేరుగా వారసులు లేకపోవడంతో ఆ రాశి అంతా ఏమవుతుందన్న ప్రశ్న వచ్చింది. పంచుకుంటే తలో ఇంటికీ చేరి చెల్లాచెదురయ్యేదే. అలా కాకుండా 1951 డిసెంబరు 16న, ఆయన నివసించిన దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యమున్న సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది.

అక్కడి సంగీత గడియారం సంగతి తెలుసుగా! గంట గంటకీ గడ్డం బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొడుతుంది. దానికోసం జనమంతా ముందే వచ్చి కూర్చుంటారు. మావాడు నా ఒళ్లో కూర్చుని, గంటలు లెక్కపెట్టి చప్పట్లు కొట్టాడు. అప్పుడనిపించింది. ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా, చూసి మురిసే కళ్లు లేకపోతే, అది అంగట్లో మిగిలిపోయిన బొమ్మతో సమానమే. ఒంటరి నవాబు కొన్నవాటికి ఆ కళ్లు దొరికింది, తలుపులు అందరికీ తెరిచాకే.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడే పాతూరు వెళ్లాను. అంగడాయన స్టూలెక్కి, దుమ్ము దులిపి, సిపాయిని దించి సగం ధరకే ఇచ్చాడు. చీటీ డబ్బుల్లోంచి తీసి ఇచ్చాను. సాయంత్రానికి సిపాయి వాకిట్లో ఇసుకకుప్ప ఎక్కాడు. వారం తిరక్కముందే తుపాకీ విరిగింది. తిట్టబోయి ఊరుకున్నాను.

గాజు బీరువాలోని సైనికులకు ఆ భాగ్యం లేదు కదా!